నడిమి బల్ల

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జూలై 16న 71.3 దాకా ఎక్కి ఆగిందనీ చెప్పగలిగిన పెద్దవాళ్ళు వీధికి నలుగురుంటారు. ఏ అడుగు దగ్గర ఏ కాలనీలోకి నీళ్ళొస్తాయో, కూనవరం దగ్గర శబరి ఎగదన్నితే ఏ ఊరికి దారి తెగుతుందో చెప్పేవాళ్ళకూ కొదవ లేదు. వరదలో తిరిగే మోటారు బోటులో ఉన్న ముగ్గురికి ఒకరి మాట ఒకరికి వినపడదన్న సంగతి మాత్రం ఏ లెక్కలోకీ రాదు. బోటులో ఉన్నవాళ్ళే దాన్ని లెక్కలోకి తీసుకోరు. అరుస్తారు, చేతులు ఊపుతారు, తిట్టుకుంటారు, ఒడ్డుకొచ్చాక టీ తాగి మర్చిపోతారు.

మా వైపు కొందరు కుర్రాళ్ళు వానాకాలంలో ఇలా బోట్లు వేసుకుని తిరుగుతారు. ఇళ్ళ పైకప్పుల మీద చిక్కుకున్నవాళ్ళను తెస్తారు, బియ్యం, మందులు, పాలపొడి చేరవేస్తారు. వాళ్ళ పేర్లు రాయను, వాళ్ళకది ఇష్టం లేదు. ఎవరో దాతలు కొంత డబ్బు ఇచ్చారు. ఆ డబ్బుతో చెవులకు తగిలించుకుని మాట్లాడుకునే హెడ్‌సెట్లు కొందామనుకున్నారు. "సారూ, మీరు వైర్‌లెస్‌లో పనిచేసినోళ్ళు గదా, ఏవి కొనాలో ఒక కాగితం రాసియ్యండి" అని మా ఇంటికి వచ్చారు. నా ఉద్యోగమంతా వైర్‌లెస్ సెట్ల మరమ్మతులోనే గడిచింది, అదీ ఇంజన్లూ జనరేటర్లూ మోగే చోట్ల. ఒక సాయంత్రంలో రాసి ఇచ్చేయాల్సిన కాగితం అది. ఆ సాయంత్రం కాలేదు, ఆ వారం కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పుడు రాస్తున్నాను. ఆ కాగితంలో రాయదగిన విషయం కాదది.

ముందు పనికొచ్చే మాటలు చెప్పేస్తాను. నలభై హార్స్‌పవర్ ఇంజన్ పూర్తిగా ఎక్కించినప్పుడు దాని పిడి పట్టుకుని కూర్చున్నవాడి చెవి దగ్గర 90 డెసిబెల్లు దాటడం విశేషమేమీ కాదు. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్ల చప్పుడులో మనిషి ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ ఇంకా గట్టిగా లెక్కపెడుతుంది. 85కే ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్లకూ సమయం సగం. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పదిహేను నిమిషాలు. మూడు పెరిగిందంటే ఏదో కాస్త పెరిగిందనుకుంటాం గానీ చప్పుడులోని శక్తి రెట్టింపు అవుతుంది. వరద రోజున బోటు తెల్లారగట్ల దిగితే చీకటిపడేదాకా ఆగదు. ఇంక లెక్క మీరే వేసుకోండి.

చెవుడు రేపటి సంగతి. అక్కడికక్కడ ఇబ్బంది మాటతోనే. ఇంజన్ రొద బరువైన, లోతైన రొద. అది తన స్థాయిలో ఉన్న గొంతునే కాదు, తనకు పైస్థాయిలో ఉన్న అక్షరాలను కూడా కప్పేస్తుంది. త, ప, క, స, చ ముందే బలం తక్కువవి, అవి మొదట మునిగిపోతాయి. అచ్చులు మిగులుతాయి. చప్పుడులో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే గమనించి రాశాడు. అరిచేకొద్దీ అచ్చులే సాగుతాయి, హల్లులు అలాగే అణిగి ఉంటాయి. "కుడికి కొట్టు" అన్నది వెనకవాడికి "ఉఇఇ ఒఉ" అని చేరుతుంది. పైగా మన తెలుగులో వద్దన్న మాట చివర్న ఉంటుంది. "తిప్పు" అంటే ఒకటి, "తిప్పకు" అంటే ప్రాణం. బటన్ నొక్కి మాట్లాడే సెట్టులో బొటనవేలు తొందరపడి లేచిందంటే ఆ 'కు' గాలిలో కలిసిపోతుంది. గొంతు వినపడగానే దానంతటదే తెరుచుకునే మైకు ఇంకో రకం, అది మొదటి అక్షరాన్ని తింటుంది. అందుకే నేను ఎవరికి నేర్పినా ఒకటే చెప్పేవాణ్ణి. నొక్కు, ఒక క్షణం ఆగు, మాట్లాడు, ఇంకో క్షణం ఆగి వదులు. వద్దన్న సంగతి చెప్పాలంటే "ఆగు" అను, "తిప్పకు" అనకు.

పెట్టెల మీద రాసిన అంకెలను కూడా నమ్మకూడదు. చప్పుడు 24 డెసిబెల్లు తగ్గిస్తుందని రాసి ఉంటుంది. అది ప్రయోగశాలలో, కదలకుండా కూర్చున్న మనిషికి, నిపుణుడు సరిగ్గా అమర్చినప్పుడు వచ్చిన అంకె. అమెరికా తనిఖీ అధికారులు దానిలోంచి ఏడు తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తారు. ఎనిమిదిన్నర మిగులుతుంది. మన దగ్గర అదీ మిగలదు. కళ్ళజోడు కాడ చెవికప్పు కింద దూరి దాని మెత్తకూ చర్మానికీ మధ్య సందు చేస్తుంది. పెరిగిన గడ్డం ఇంకో సందు. చెమట సంగతి చెప్పక్కర్లేదు, కొత్తగూడెం, భద్రాచలం ఉక్కలో అర్ధగంటకు మెత్తలు జారుతుంటాయి. లైఫ్ జాకెట్ మెడపట్టీ తగిలి కప్పు పక్కకు తొలుగుతుంది. కాబట్టి నెత్తి మీద విల్లులా ఉండేది కాకుండా తల వెనక నుంచి వచ్చే పట్టీ ఉన్నది మేలు. గట్టిగా లాగితే ఊడివచ్చే ప్లగ్గు లేని తీగ అసలు వద్దు, నీళ్ళలో పడినవాడి మెడకు అదే ఉరి అవుతుంది. మైకు పెదవికి దాదాపు ఆనేలా ఉండాలి. చప్పుడు తగ్గించే మైకుకు రెండు వైపులా రంధ్రాలుంటాయి, దూరపు రొద రెండు వైపులా ఒకేసారి తగిలి తనను తానే కొట్టేసుకుంటుంది, దగ్గరి గొంతు ఒక వైపే తగిలి నిలబడుతుంది. మైకును గడ్డం కిందికి లాక్కుంటే ఇంజన్‌తో పాటు మన గొంతూ కొట్టుకుపోతుంది. నీటికి తట్టుకునే గుర్తింపు ఐపీ67 ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడున్నా లోపలికి తడి చేరదు. బ్యాటరీ మాత్రం చార్జింగ్‌ది వద్దని రాశాను. వరదొస్తే ముందు పోయేది కరెంటు. పెన్సిల్ సెల్లు అయితే చింతూరులో కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది.

ఇంతవరకూ చెయ్యి ఆగకుండా రాసింది. ఆ తర్వాతే ఆగింది.

ఎదురు శబ్దంతో శబ్దాన్ని చంపే హెడ్‌సెట్ల దగ్గరికి వచ్చాను. ఆలోచన పాతదే. పాల్ ల్యూగ్ అనే జర్మన్‌కు 1936లో అమెరికాలో దీని మీద పేటెంట్ దక్కింది. పనిచేసే వస్తువుగా చేసింది అమర్ బోస్. కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళ కన్నుగప్పి అమెరికా వెళ్ళిపోయిన ఒక ఉద్యమకారుడి కొడుకాయన. 1978లో జ్యూరిక్ నుంచి వస్తూ విమానంలో ఇచ్చిన చెవిగొట్టాల్లో పాట కన్నా ఇంజనే ఎక్కువ వినపడితే, దిగేలోపు కాగితం మీద లెక్కలు వేసుకున్నాడట. 1986లో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమి చుట్టి వచ్చిన వాయేజర్ విమానంలో ఇద్దరు పైలట్లూ వాటి నమూనాలు పెట్టుకున్నారు. 1989కి బజారులోకి వచ్చాయి. కప్పు లోపల చిన్న మైకు రొదను పట్టుకుంటుంది, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని స్పీకరు వదులుతుంది, రెండూ కలిసి సున్నా అవుతాయి. సుమారు వెయ్యి హెర్ట్జ్ లోపున్న లోతైన రొదకే ఇది బాగా పనిచేస్తుంది. పైస్థాయి చప్పుడుకు కప్పు మందమే దిక్కు.

తెలిసినాయన ఒకరు తన దగ్గరున్న అలాంటి సెట్టు రెండు రోజులకు ఇచ్చాడు. బోటులో కూర్చుని, ఇంజన్ ఎక్కించమని, మీట నొక్కాను. రొద ఒక్కసారి దూరంగా వెళ్ళిపోయింది. వెనక పిడి పట్టుకున్న అబ్బాయి గొంతు నా తల మధ్యలో మోగింది. నేను మీట కింద ఉన్న, గొంతు పెంచే చక్రాన్ని తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. చివరిదాకా తిప్పాను. ఏళ్ళుగా ఎవరి నోటా స్పష్టంగా వినని 'స', 'శ' తేడా నాకు ఆ బోటులో వినపడింది. నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గాలికి అనుకున్నారు, నేనూ అదే చెప్పాను.

ఒడ్డుకొచ్చాక కాగితం ముందు పెట్టుకుని, ఈ ఖరీదైన సెట్టే కొనమని ఎంత గట్టిగా రాయాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు అనుమానం వచ్చింది. ఇది బోటుకు కావాలా, నాకు కావాలా?

నాకు చెవుడుంది. ఈ వాక్యం ఇంత సూటిగా ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంజన్ల మధ్య పనిచేసినవాళ్ళకు వచ్చే మామూలు చెవుడే, 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది, తర్వాత ఆ గొయ్యి రెండు పక్కలకూ వెడల్పవుతుంది. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. రాత్రిళ్ళు కుడిచెవిలో సన్నగా ఒక మోత, ఆగదు. మా ఆవిడ వంటింట్లోంచి "పాలాయన వచ్చాడా?" అంటే "అక్కడే పెట్టాను" అంటాను. ఆవిడ కాసేపు ఊరుకుని తనే వచ్చి చూసుకుంటుంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా మాట్లాడుతుంటే నవ్వే చోట నవ్వుతాను, తల ఊపే చోట ఊపుతాను. ఈ విద్యలో నాకు మంచి ప్రావీణ్యం ఉంది. ఎదుటివాడి ముఖం చూసి ఏం జవాబు కావాలో కనిపెట్టేస్తాను. ఒక్కోసారి నిజంగా విన్నవాడికన్నా మంచి శ్రోతనని పేరు కూడా వస్తుంది.

మా అబ్బాయి చెవిమిషన్ పెట్టుకోమంటే వినపడనట్టు ఉంటాను. అదొక్కటి నిజంగా వినపడుతుంది. చెవిమిషన్ అంటే ముసలితనం, పక్కింటివాళ్ళు గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టడం, పిల్లలు నవ్వడం. హెడ్‌సెట్ అంటే పైలట్, కమాండరు, రక్షణ దళం. రెండూ చేసే పని ఒకటే కదా, బయటి మాటను పట్టుకుని పెంచి చెవిలో పోయడం. ఒకటి పెట్టుకుంటే నేను చెవిటివాణ్ణి, ఇంకొకటి పెట్టుకుంటే వీరుణ్ణి. దాతల డబ్బుతో, వరద బాధితుల పేరు చెప్పి, నేను నా చెవుడుకు గౌరవప్రదమైన తొడుగు కొనిపించుకోబోతున్నానా? బోటుకు అది నిజంగా పనికొచ్చేదే అయినా, రాస్తున్నవాడి మనసులో ఉన్నది బోటు కాదు. అది తెలిశాక కలం ముందుకు పోలేదు.

ఇక్కడితో ఆగితే నా మీద నాకు జాలి కలిగి ఊరుకునేవాణ్ణి. ఇంకా లోపలికి పోవాల్సి వచ్చింది, కాగితం మీద బోటు బొమ్మ వేసినందువల్ల.

బోటుకు మూడు బల్లలు. వెనక బల్ల మీద ఇంజన్ పట్టేవాడు. ముందు బల్ల మీద గెడ పట్టుకుని నీళ్ళు చూసేవాడు. నీట మునిగిన కంచె తీగలు, కరెంటు స్తంభాల తలలు, కొట్టుకొచ్చే దుంగలు, సుడులు అతనికే ముందు కనపడతాయి. నడిమి బల్ల మీద పెద్దమనిషి. ఎక్కడికెళ్ళాలో అతను చెబుతాడు, ఒడ్డుతో వైర్‌లెస్‌లో మాట్లాడతాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ నాది ఆ బల్లే. ఖరీదైన సెట్లయితే బోటుకు రెండే వస్తాయి. బొమ్మ మీద నా చెయ్యి రెండు గుర్తులు పెట్టింది. నడుమ ఒకటి, వెనక ఒకటి. ముందు బల్ల ఖాళీ. ముందున్నవాడు చూస్తే చాలు, మాట్లాడే పని లేదు కదా అని కారణం కూడా రాసుకున్నాను. కారణం చూడటానికి బాగానే ఉంది.

ముందు బల్ల మీద ఎప్పుడూ కూర్చునేది ఒక కోయ కుర్రాడు. శబరి ఒడ్డున పుట్టినవాడు, నీళ్ళ రంగు చూసి అడుగున ఇసకో రాయో చెబుతాడు. ఇంజన్ మోగుతున్నప్పుడు అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి నేను చూస్తాను, అర్థం చెప్పుకుంటాను, వెనకవాడికి అరుస్తాను. అంటే ఆ బోటులో ముందు నుంచి వెనక్కి పోయే ప్రతి సంగతీ నా మీదుగానే పోతుంది. ముగ్గురికీ ఒకే లైను ఇస్తే ఏమవుతుంది? అతను నోటిముందున్న మైకులోనే "దుంగ, ఎడమ" అంటాడు, వెనకవాడు తిప్పేస్తాడు. నా అవసరం లేదు. నడిమి బల్ల మీద మనిషి లేకపోయినా బోటు నడుస్తుంది, ఇంకా త్వరగా నడుస్తుంది.

అదే నాకు గుచ్చుకుంది. వైర్‌లెస్‌లో కంట్రోల్ అని ఒకటుంటుంది. కంట్రోల్ పిలిస్తే మిగతావాళ్ళు పలుకుతారు, కంట్రోల్ అనుమతిస్తే మాట్లాడతారు. ఆ పద్ధతి అవసరమే, లేకపోతే పదిమంది ఒకేసారి నొక్కి ఎవరిదీ వినపడదు. దాన్ని నేను పద్ధతిగా ఎంత ప్రేమించాను, అధికారంగా ఎంత ప్రేమించాను? రిటైరయ్యాక నన్ను పిలిచే కంట్రోల్ లేదు, నేను పిలిస్తే పలికే సెట్టు లేదు. వరద వస్తే కుర్రాళ్ళు "సారూ" అని వస్తారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, జూలైలో ఎగువన వానలు పడ్డాయని విన్నప్పుడు నాలో భయంతో పాటు ఇంకొకటి కూడా లేస్తుంది. దాన్ని ఉత్సాహం అనడానికి నోరు రాదు. 2022లో గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేసి, పైన హెలికాప్టర్లు తిరుగుతున్న రోజుల్లో కరకట్ట మీద నిలబడి, నన్ను ఎవరైనా పిలుస్తారా అని ఫోను వైపు చూసుకున్నవాణ్ణి నేను. ఊరు మునుగుతుంటే.

ఇదంతా తేల్చుకునే లోపే ఆ సెట్టును మిగతా ఇద్దరికీ తగిలించి చూశాను. నా ఆలోచనలకన్నా వాళ్ళ మాటలే ఎక్కువ పనికొచ్చాయి. ఇంజన్ పట్టే అబ్బాయి కాసేపు పెట్టుకుని తీసేశాడు. "మాట మంచిగ ఇనపడుతుంది సారూ, ఇంజనే ఇనపడట్లే. దాని గొంతు మారితేనే గదా ఫ్యానుకి చీరో వలో చుట్టుకుందని నాకు తెలిసేది" అన్నాడు. నేను ఏ పుస్తకంలోనూ అంత సూటిగా చదవలేదు. లోతైన రొదను చంపే యంత్రం అతనికి కావలసిన వార్తను కూడా చంపుతోంది. అతనికి మామూలు మందపాటి కప్పులు చాలు. అవి ఇంజన్‌ను తగ్గిస్తాయి గానీ మాయం చేయవు.

ముందు బల్ల కుర్రాడు ఒక కప్పు చెవి మీద, ఒకటి చెవి వెనక పెట్టుకున్నాడు. సరిగ్గా పెట్టుకోమన్నాను.

"చెట్టు మీద ఉన్నోడు పిలిస్తేనో?"

"ఇంజన్ ఆపి వింటాం కదా."

"ఆపాలని ఎట్ల తెలుసుద్ది సారూ? వరదల ఉన్నోడు మాటతోని పిలవడు. గొంతు పోయి ఉంటది. పళ్ళెం కొడతడు, ఈల ఏస్తడు. అది ఇనపడితేనే గదా ఆపేది."

పళ్ళెం మోత, ఈల. సన్నని, పైస్థాయి శబ్దాలు. సరిగ్గా నా చెవిలో గొయ్యి పడిన చోటు. ఇన్నాళ్ళూ ఆ బోటులో అవి విన్నది ఎవరు? నేను చెప్పాననుకున్న దారులన్నీ అతను చెయ్యి ఊపితే కదా నేను చెప్పింది. బయట మైకులుండి, పిలుపులను లోపలికి తెచ్చి, హద్దు దాటిన రొదను మాత్రం తొక్కిపట్టే రకం హెడ్‌సెట్లున్నాయి. వేటగాళ్ళూ సైనికులూ వాడతారు. ఖరీదు అలాంటి దాని మీద పెట్టాలి, ఆ ఖరీదు ముందు బల్లకు పోవాలి. ఎదురు శబ్దం తయారుచేసే సెట్టు బోటులో ఎవరికీ అక్కర్లేదని తేలింది. నేను దాని కోసం మనసులో ఎంత చక్కటి పేరాలు రాసుకున్నానో!

చివరికి కాగితం ఇలా అయింది. వెనక బల్లకు మామూలు కప్పులు, రొద తగ్గించే మైకు, చెవి లోపల నురుగు బిరడాలు కూడా, రెండూ కలిస్తే ఇంకో ఐదు డెసిబెల్లు దిగుతాయి. ముందు బల్లకు బయటి చప్పుడు వినిపించే సెట్టు. నడిమి బల్లకు వెనకదాని లాంటిదే, ఒడ్డుతో మాట్లాడే వైర్‌లెస్‌కు కలిపే తీగ అదనం. ముగ్గురికీ ఒకే లైను, ఎవరైనా ఎవరినైనా ఆపమనొచ్చు. చేతి సైగలు మానొద్దు, తడిసిన యంత్రం ఎప్పుడైనా మూగబోతుంది. కొండల చాటున వైర్‌లెస్ అందకపోతే దానికి హెడ్‌సెట్ ఏమీ చేయలేదు, ఆ మాట కూడా రాశాను, ఎందుకంటే అందకపోయినప్పుడల్లా కొత్త వస్తువునే తిడతారు.

అడుగున ఇంకో వాక్యం చేర్చాను. బోటెక్కే ప్రతివాడూ ఏడాదికోసారి చెవి పరీక్ష చేయించుకోవాలి, పైస్థాయి శబ్దాలు తగ్గినవాణ్ణి ఎక్కించకూడదు. రాసి చాలాసేపు చూశాను. కొట్టేయడానికి రెండు సాకులు దొరికాయి. పరీక్షకు ఖర్చవుతుంది, కుర్రాళ్ళకు అంత అవసరం ఉండదు. కొట్టేయలేదు. కాగితం తీసుకోవడానికి వచ్చినప్పుడు ఇంజన్ అబ్బాయి అంతా చదివి, ఆ వాక్యం దగ్గర ఆగి, నా వైపు చూశాడు. వాడికి ముందే తెలుసని అప్పుడర్థమైంది. వాళ్ళందరికీ తెలుసు. "ఒడ్డున సెట్టు దగ్గర మీరుండండి సారూ, అక్కడ నిమ్మళంగా ఉంటది" అన్నాడు. సరేనన్నాను. నడిమి బల్ల మీద ఈసారి బియ్యం బస్తాలు పెడతారట.

ఖమ్మంలో చెవిమిషన్ ధర కనుక్కుని వచ్చాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.